ఓడల ఓవర్‌హాలింగుకు పద్దు ఉంది, మన మిల్లులకో?



పోయిన నెల రెండో పాళీ విడిచాక జరిగిన గేటు మీటింగులో ఒక సోదరుడు లేచి, "యుద్ధనౌకలు బాగుచేసుకోవడానికి వేల కోట్లు ఇచ్చే సర్కారుకు మన మిల్లు సాంచెలు మార్చడానికి పైసలు లేవా?" అని అడిగాడు. పక్కనున్న ఇంకొక సోదరుడు, "సైన్యం సంగతి మనకెందుకన్నా, ఎవరన్నా వింటే దేశద్రోహులంటారు" అని అడ్డు తగిలాడు. అందరూ నవ్వారు. అప్పటికే పొద్దుపోయింది కనుక మీటింగు ముగించాము. కాని ఆ ప్రశ్నకు జవాబు బాకీ పడ్డాము. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాము.

ముందుగా లెక్కలు. 2025-26 కేంద్ర బడ్జెట్టులో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో నౌకాదళానికి ఓడలు, జలాంతర్గాములు సమకూర్చుకునే పద్దు కిందనే 24 వేల కోట్లు దాటింది. నౌకాదళ డాక్‌యార్డుల పనులకు మరో 4,500 కోట్లు ఉన్నాయి. అదే బడ్జెట్టులో దేశంలోని జౌళి పరిశ్రమ మొత్తాన్ని చూసే జౌళి మంత్రిత్వ శాఖకు ఇచ్చింది 5,272 కోట్లు. అంటే పత్తి, జనుము, పట్టు, చేనేత, పవర్‌లూమ్, మిల్లు అన్నీ కలిపి చూసే శాఖకు దక్కింది, డాక్‌యార్డుల పనుల పద్దు కంటే కొంచెమే ఎక్కువ.

ఈ అంకెలు చదివి "ఓడలకు తగ్గించి మిల్లులకు ఇవ్వండి" అని తీర్మానం చేసి పంపడం తేలిక. మేము ఆ పని చేయదలచుకోలేదు. ఓడలో ఉండేది అధికారులే కాదు. ఇంజను గదిలో నూనె మరకలతో పనిచేసే నావికుడు కూడా మన వంటి ఇంటి బిడ్డే. మన పేటలనుండి, అటు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ఊళ్ళనుండి ఎంతమంది పిల్లలు నేవీలో చేరారో మీకు తెలుసు. వాళ్ళెక్కే ఓడ బాగుండాలి. అందుకు ఖర్చు పెట్టాలి. ఇందులో మాకు రెండో అభిప్రాయం లేదు. అయితే ఆ ఖర్చును ఎట్లా లెక్క కడతారు, ఎక్కడ దారి తప్పుతారు, దారి తప్పినప్పుడు మూల్యం ఎవరు చెల్లిస్తారు అన్నది మాత్రం మనం శ్రద్ధగా చూడవలసిన విషయం. ఎందుకంటే "ఆధునికీకరణ" అనే మాట మన గేటు దగ్గరికి కూడా వచ్చింది.

యుద్ధనౌక నీళ్ళలోకి దిగిన నాడే దాని మరమ్మతుల క్రమం నిర్ణయమై ఉంటుంది. ఇన్నాళ్ళు సముద్రంలో తిరిగాక చిన్న రిఫిట్టు, ఇన్నేళ్ళకు నార్మల్ రిఫిట్టు, సగం ఆయుష్షు గడిచాక పెద్ద ఎత్తున ఆధునికీకరణ. రిఫిట్టు అంటే మన భాషలో ఓవర్‌హాలింగు. ఓడను డ్రై డాకులోకి ఎక్కించి, విప్పి, అరిగినవి మార్చి, పాతబడిన ఆయుధాలూ రాడార్లూ తీసి కొత్తవి అమర్చడం. కార్డింగు, రింగ్ ఫ్రేము ఖాతాలలో పనిచేసిన పాతవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఫలానా ఫ్రేము ఫలానా వారం ఆపాలి, స్పిండిళ్ళు విప్పాలి, నూనె మార్చాలి అని జాబరు దగ్గర చిట్టా ఉండేది. మంచి రోజుల్లో ఆ చిట్టా ప్రకారమే నడిచేది. ఆర్డర్లు ఎక్కువైనప్పుడు "ఈ వారం వద్దు, వచ్చే నెల చూద్దాం" అనేవారు. ఆర్డర్లు తగ్గినప్పుడు "ఇప్పుడు పైసలు లేవు" అనేవారు. మొత్తానికి ఫ్రేము ఆగేది కాదు, తనంతట తాను ఆగిపోయేదాకా.

ఓడలకు ఈ అలవాటు లేదనుకోకండి. విశాఖపట్నంలో జరిగిన ఒక్క కథ చాలు.

విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు మనకు పరాయిది కాదు. 1941లో ఆ యార్డుకు పునాది పడింది సింధియా కంపెనీ చేతుల మీదుగా. ఆ కంపెనీ పెద్ద వాల్‌చంద్ హీరాచంద్ మన షోలాపురంలో పుట్టినవాడే. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అక్కడ కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ గారు నీళ్ళలోకి వదిలారు. అటువంటి యార్డుకు 2006లో 'సింధుకీర్తి' అనే జలాంతర్గామి రిఫిట్టుకు వచ్చింది. రష్యాలో తయారై 1990లో మన నౌకాదళంలో చేరినది. సుమారు మూడేళ్ళలో పని పూర్తి కావాలని అంచనా. అది మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది 2015లో. తొమ్మిదేళ్ళు!

తొమ్మిదేళ్ళంటే, ఆ ఓడ ఎక్కవలసిన కుర్రవాడు పెళ్ళి చేసుకుని పిల్లల్ని బడిలో వేసేటంత కాలం. ఇంత ఆలస్యం ఎందుకైంది? ఆ తరగతి జలాంతర్గామికి ఇంత పెద్ద మరమ్మతు చేసిన అనుభవం అప్పటికి ఆ యార్డుకు లేదు. సామాను, సాంకేతిక సహాయం రష్యానుండి రావాలి. జలాంతర్గామి లోపల అంగుళం చోటు ఖాళీ ఉండదు, ఒక గొట్టం విప్పాలంటే దాని ముందున్న పది విప్పాలి. విప్పినకొద్దీ పని పెరుగుతుంది. విప్పకముందే బల్ల దగ్గర కూర్చుని కట్టిన అంచనా, విప్పిన తర్వాత నిలబడదు. ఇది మిల్లులో పదేళ్ళు పనిచేసిన ఏ ఫిట్టరును అడిగినా చెబుతాడు.

ఆ రోజుల్లో పత్రికలు యార్డు కార్మికులనే నిందించాయి. ప్రభుత్వ రంగం అంటేనే ఇంత అన్నారు. కాని ఆ తర్వాత జరిగినది రాసినవారు తక్కువ. 2010లో ఆ యార్డును షిప్పింగు మంత్రిత్వ శాఖనుండి రక్షణ శాఖకు మార్చారు. సింధుకీర్తి మీద చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్న ఆ కార్మికులకే తరువాత 'సింధువీర్' అనే మరో జలాంతర్గామి రిఫిట్టు అప్పగించారు. దానిని రెండేళ్ళ పైచిలుకులో పూర్తిచేసి ఇచ్చారు. అదే యార్డు, అవే చేతులు. ఆ సింధువీర్‌నే 2020లో మన ప్రభుత్వం మయన్మారు నౌకాదళానికి అప్పగించింది. 2023లో సింధుకీర్తి మళ్ళీ రిఫిట్టుకు అదే యార్డుకు వచ్చింది, ఈసారి ఒప్పందం విలువ 934 కోట్లు. ఆ ఆలస్యం చేతకాని కూలీల వల్ల అయితే, ఆ యార్డుకే మళ్ళీ ఎందుకిచ్చారు? నైపుణ్యం అనేది గోడౌనులో దొరికే స్పేరు పార్టు కాదు. పని ఇస్తే వస్తుంది, పని ఆపితే పోతుంది. పాతవారిని వి.ఆర్.ఎస్. మీద పంపేసి, కాంట్రాక్టు కుర్రవాళ్ళతో కొత్త యంత్రం నడిపించవచ్చు అనుకునే యాజమాన్యాలు ఈ ముక్క రెండుసార్లు చదువుకోవాలి.

ఇక రెండో కథ పెద్దది, పేరు 'గోర్ష్‌కోవ్'. సోవియట్ కాలంలో 1987లో నౌకాదళంలో చేరి, 1996లో పక్కన పెట్టేసిన విమాన వాహక నౌక. దానిని బాగుచేసి మనకు ఇచ్చేందుకు 2004 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఓడ ఊరకనే ఇస్తాము, బాగుచేసినందుకు మాత్రం 97 కోట్ల 40 లక్షల డాలర్లు ఇవ్వండి అన్నారు. 2008లో చేతికి రావాలి. ఉచితంగా వచ్చిన ఆవు ఎంత మేత తింటుందో అప్పటికి ఎవరూ అడగలేదు. సెవెరోద్విన్‌స్క్ యార్డులో ఓడను విప్పి చూస్తే, పాత కేబుళ్ళు దాదాపు అన్నీ మార్చవలసి వచ్చింది. రెండు వేల కిలోమీటర్లకు పైగా కొత్త కేబులు వేశారు. అంటే షోలాపురంనుండి ఢిల్లీ దాటి పోయేంత తీగ. 2007లో ఇంకా 120 కోట్ల డాలర్లు కావాలన్నారు. బేరాలు జరిగి జరిగి 2010లో మొత్తం 230 కోట్ల డాలర్ల పైన తేలింది. 2009లోనే కాగ్ తన నివేదికలో, పరిమితమైన ఆయుష్షు మిగిలిన పాత ఓడకు కొత్త ఓడకంటే ఎక్కువ చెల్లిస్తున్నామని తప్పు పట్టింది. 2012లో సముద్ర పరీక్షల్లో ఎనిమిది బాయిలర్లలో ఏడు దెబ్బతిన్నాయి. చివరకు 2013 నవంబరు 16న 'విక్రమాదిత్య' పేరుతో మన చేతికి వచ్చింది.

ఇప్పుడు ఆ ఓడ నౌకాదళంలో సేవ చేస్తున్నది, దానిని మేము చిన్నచూపు చూడడంలేదు. 2024 నవంబరులో దాని రిఫిట్టును కొచ్చిన్ షిప్‌యార్డుకు 1,207 కోట్ల పైచిలుకుకు అప్పగించారు, మన దేశంలోనే, మన కార్మికుల చేతుల్లో. సంతోషించవలసిన విషయం. అయితే మేము అడిగేది వేరు. అంచనా రెండింతలు దాటినా ఓడ పని ఆగలేదు. మంత్రులు మారారు, ప్రభుత్వాల్లో చర్చలు జరిగాయి, కాగ్ రాసింది, పార్లమెంటులో ప్రశ్నలు వచ్చాయి, అయినా పని పూర్తి చేశారు. మిల్లు ఆధునికీకరణ అంచనా పది పైసలు పెరిగితే మాత్రం "మిల్లు గిట్టుబాటు కాదు, మూసివేద్దాం" అంటారు. ఒకటి దేశానికి అవసరం, రెండవది కాదు అని ఎవరు నిర్ణయించారు?

బడ్జెట్టు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది మనలో చాలామందికి తెలియదు. ప్రభుత్వ పద్దులో రెండు సంచులుంటాయి. రోజువారీ మరమ్మతులు, జీతాలు, ఇంధనం రెవెన్యూ సంచిలోనుండి వస్తాయి. కొత్త కొనుగోళ్ళు, పెద్ద ఎత్తున చేసే మార్పులు క్యాపిటల్ సంచిలోనుండి వస్తాయి. కొత్త ఓడకు పేరు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, ఫొటోలు పడతాయి. బాయిలరు గొట్టం మార్చినందుకు ఏ మంత్రీ రాడు. అందుచేత డబ్బు బిగిసినప్పుడు ముందుగా నలిగేది మరమ్మతు పద్దే. పైగా మార్చి 31 లోపల ఖర్చు కాని సొమ్ము తిరిగి ఖజానాకు పోతుంది. ఓడ మరమ్మతు ఏమో మూడు నాలుగేళ్ళ పని. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నివేదికలో, రక్షణ ఆధునికీకరణకు సంవత్సరాంతంలో మురిగిపోని ప్రత్యేక నిధి ఉండాలని సిఫార్సు చేసింది. సైన్యానికే ఈ తిప్పలు ఉంటే, అడిగే నాథుడు లేని మిల్లుల గతి ఏమిటి?

మరమ్మతులో జరిగే పొరపాటుకు మూల్యం ఎవరు చెల్లిస్తారు? 2013 ఆగస్టు 14 రాత్రి ముంబాయి డాక్‌యార్డులో 'సింధురక్షక్' జలాంతర్గామి పేలి మునిగింది. ఆ సంవత్సరమే రష్యాలో రిఫిట్టు ముగించుకుని వచ్చినది. 18 మంది చనిపోయారు, వారిలో మన తెలుగు బిడ్డలూ ఉన్నారు. 2014 ఫిబ్రవరి 26న 'సింధురత్న'లో మంటలు, పొగ. ఇద్దరు అధికారులు చనిపోయారు. ఆ రోజే నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా చేశారు. 2016 డిసెంబరులో 'బేత్వా' డ్రై డాకులో పక్కకు ఒరిగి ఇద్దరు నావికులు పోయారు. 2024 జులైలో 'బ్రహ్మపుత్ర' రిఫిట్టులో ఉండగానే అగ్నిప్రమాదం జరిగి ఒక నావికుడు పోయాడు. ఒక్కొక్క దానికి కారణం వేరు, అన్నింటినీ బడ్జెట్టు మీదకు తోయడం న్యాయం కాదు. కాని అడ్మిరల్ రాజీనామా దగ్గర మేము కాసేపు ఆగిపోయాము. మిల్లులో బ్లో రూమ్ అంటుకుని మనిషి కాలిపోయినప్పుడు, నైతిక బాధ్యత అనే మాట నోట వచ్చిన డైరెక్టరును ఇన్నేళ్ళలో ఎవరైనా చూశారా? మేము చూసింది మాత్రం, మనిషి దగ్గర బీడీ దొరికిందా అని వెతికే టైమ్‌కీపరును.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. మిల్లుల ఆధునికీకరణకు డబ్బు ఎప్పుడూ ఇవ్వలేదనడం అబద్ధం. ఇచ్చారు. 1986లో 750 కోట్లతో జౌళి ఆధునికీకరణ నిధి పెట్టారు. 1999 ఏప్రిల్ 1 నుండి టఫ్స్ అనే పథకం కింద కొత్త యంత్రాలకు తీసుకున్న అప్పు మీద 5 శాతం వడ్డీ ప్రభుత్వం భరించింది. ఆ డబ్బులో నిజాయితీగా ఖర్చయినది ఉంది, యంత్రాలు వచ్చిన మిల్లులు ఉన్నాయి. కాని ఆ అప్పు తీసుకున్నప్పుడు కార్మికుడిని అడిగినవారు లేరు, తర్వాత లెక్క చూపినవారూ లేరు. మా వయసు వారు అనుభవించినదే చెబుతాము. ఒక మిల్లులో ఆధునికీకరణ అప్పు వచ్చింది. కొత్త యంత్రాల పెట్టెలు దిగాయి, అందరమూ దండలు వేసి పసుపు కుంకుమ పెట్టాము. పునాదులకు, గాలి చెమ్మ ప్లాంటుకు డబ్బు పద్దులో రాయలేదని తర్వాత తేలింది. పెట్టెలు టార్పాలిను కింద రెండు వానాకాలాలు తడిశాయి. "కొత్తవి వస్తున్నాయి కదా" అని పాత ఫ్రేములకు స్పేర్లు కొనడం ఆపేశారు. పాతవి అరిగిపోయాయి, కొత్తవి తుప్పు పట్టాయి, మధ్యలో బద్లీవాళ్ళకు పని పోయింది. ఆ మిల్లు పేరు ఇక్కడ రాయము. ఇప్పుడది లేదు కూడా.

ప్రభుత్వం నడిపిన మిల్లుల కథ ఇంకా బాధాకరం. 1974 చట్టంతో 103 ఖాయిలా మిల్లులను జాతీయం చేసి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషను కిందకు తెచ్చారు. చాలా మిల్లులు మూసి, ముంబాయి మిల్లు భూములు అమ్మి, ఆ డబ్బుతో మిగిలిన మిల్లులను ఆధునికీకరిస్తామన్నారు. 2005లో జూపిటర్ మిల్లు భూమి 276 కోట్లకు, ముంబై టెక్స్‌టైల్ మిల్లు భూమి 702 కోట్లకు పోయాయి. 23 మిల్లులు నిలబెట్టారు, మన జిల్లాలోని బార్శీ మిల్లు, కోయంబత్తూరు మిల్లులు అందులోవే. కొన్నింటిలో మంచి యంత్రాలే పెట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌనుతో ఆ యంత్రాలు ఆగాయి. ఏళ్ళు గడిచినా అవి నికరంగా తిరిగి ఆడలేదు. కార్మికులు సగం జీతంతో రోజులు గడిపారు. ఓడ తొమ్మిదేళ్ళు ఒడ్డున పడి ఉంటే దేశమంతా గోల చేసింది. ఆధునికీకరించిన మిల్లులు గేటు వేసుకుని పడి ఉంటే ఒక్క పత్రికలో మొదటి పేజీ వార్త కాలేదు.

ఇప్పుడు మన దగ్గరికి యాజమాన్యం పంపిన "ఆధునికీకరణ పథకం" పత్రం వచ్చింది. మూడు పేజీలు. అందులో యంత్రాల గురించి అర పేజీ, మిగులు కార్మికుల గురించి రెండున్నర పేజీలు. మన కమిటీ దీనిని తిరస్కరించలేదు, ఒప్పుకోనూ లేదు. కొత్త యంత్రాలు రావాలని మేము కూడా కోరుతున్నాము. పాత ఫ్రేముల మీద దారం తెగినకొద్దీ సైడర్ల నడుములు విరుగుతున్నాయని మాకు తెలుసు. కాని మేము ఈ విధంగా అడగబోతున్నాము. యంత్రాలను ముందు విప్పి చూసి, ఆ తర్వాత అంచనా కట్టాలి. అంచనా కట్టేటప్పుడు ప్రతి ఖాతానుండి ఒక జాబరు, ఒక ఫిట్టరు కూర్చోవాలి. పునాదులు, కరెంటు, గాలి చెమ్మ ప్లాంటు ఖర్చులు కూడా అదే కాగితం మీద ఉండాలి. అప్పుగా వచ్చిన సొమ్ము వేరే ఖాతాలో ఉండి, మూడు నెలలకొకసారి దాని లెక్క నోటీసు బోర్డు మీద పడాలి. కొత్తవి ఆడేదాకా పాతవాటి స్పేర్లు ఆపకూడదు. ఇప్పుడున్న కార్మికులకే శిక్షణ ఇవ్వాలి, మిగులు అన్న మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం. విశాఖ యార్డులో రెండో జలాంతర్గామి త్వరగా పూర్తయింది మొదటిదాని మీద నేర్చుకున్నవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు కనుకనే.

"ఇవన్నీ అడిగితే యాజమాన్యం పథకమే మానుకుంటుంది" అని కొందరు భయపడుతున్నారు. ఆ భయం మాకు అర్థమవుతుంది, ఇంటి అద్దె కట్టవలసినవాడికి భయం ఉంటుంది. కాని లెక్క అడిగితే ఆగిపోయే పథకం, లెక్క అడగకపోయినా ఆగిపోయేదే.

జాబరు సోదరులకు, ఫిట్టర్లకు, సైడర్లకు మా విజ్ఞప్తి: మీ ఖాతాలో ఏ యంత్రం ఎన్ని నెలలుగా ఓవర్‌హాలింగు కాలేదో, ఏ స్పేరు కోసం ఇండెంటు ఎప్పుడు రాశారో, అది వచ్చిందో లేదో ఒక కాగితం మీద రాసి తేండి. తెలుగులో రాసినా, మరాఠీలో రాసినా సరే. రాయడం రానివారు వచ్చి చెబితే ఆఫీసులో రాసుకుంటాము. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు యూనియన్ ఆఫీసులో ఆ కాగితాలన్నీ కలిపి చిట్టా తయారు చేస్తాము. యాజమాన్యంతో కూర్చునేటప్పుడు వాళ్ళ మూడు పేజీల పక్కన ఆ చిట్టా పెడతాము.